పేరు లేని చీర

పేర్లు కొట్టడం నా ఉద్యోగం. ఇలా చెబితే మా మనవరాలి స్నేహితులు నేనేదో ఓటర్ల లిస్టులో పేర్లు కొట్టేసే ఆఫీసులో పనిచేశాననుకున్నారు. కాదర్రా. ఏలూరులో ఒక ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు. అక్కడ జనం కొన్న బిందెల మీద, పళ్లాల మీద, గ్లాసుల మీద వాళ్లు చెప్పిన పేరు చెక్కి ఇచ్చేవాణ్ణి. మీసాలు రాకముందు చేరాను, తలంతా నెరిశాక బయటికొచ్చాను. ఈ మధ్యలో నేను చెక్కిన పేర్లు మెరక ఊళ్లైన కామవరపుకోట వైపు నుంచి కొల్లేటి లంకల దాకా ఎన్ని వంటిళ్లలో ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి. గొప్పవాళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఉంటాయి, వాటిని ఎవరూ చదవరు. నా చేతిరాతను మాత్రం రోజూ చింతపండు పెట్టి తోముతారు. ఎవరిది గొప్పో మీరే చెప్పండి.

పని చూడ్డానికి సులువుగానే ఉంటుంది. చిన్న ఉలి, చిన్న సుత్తి. చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోతే అక్షరం తయారవుతుంది. కరెంటు పెన్ను తర్వాతి రోజుల్లో వచ్చింది. దాంతో కాగితం మీద రాసినంత వేగంగా రాయొచ్చు గాని, నాలుగు రోజులు తోమేసరికి ఆ గీతలు అరిగిపోతాయి. చుక్క అలా కాదు, మనిషి పోయినా అది ఉంటుంది. ఈ మాట నేను కొట్లో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. కాటా దగ్గర కూర్చునే మా గుమస్తా ఒకడుండేవాడు, నా ఈడువాడే. నేను ఆ మాట ఎత్తగానే “మొదలెట్టాడండీ పురాణం” అని త్రాసు పళ్లెం ఠంగుమని వాయించేవాడు.

మా కాపురం తాడేపల్లిగూడెంలో. పొద్దున్న పాసింజరులో ఏలూరు, సాయంత్రం పాసింజరులో ఇంటికి. మా షావుకారు గారు మంచివారే గాని, పెళ్లిళ్ల సీజన్లో మాత్రం ఆయనకి మనుషులు కనిపించరు, సామాన్లే కనిపిస్తాయి. నేను చెప్పబోయే సంగతి సరిగ్గా ఆ సీజన్లోనే జరిగింది. నేను రిటైరవడానికి ఇంకా ఎంతో కాలం లేదు.

ఒక పొద్దున్న కొల్లేటి లంక ఊరు నుంచి ఒకాయన పాత ఇత్తడి సామాను మూటలు కట్టి వ్యానులో తెచ్చాడు. చేపల చెరువులున్న ఆసామి. కూతురి పెళ్లి, పాతది ఇచ్చేసి కొత్తది తీసుకుంటానన్నాడు. చెవి దగ్గర ఫోను దించకుండానే తూకం వేయించి, మేత లారీ వచ్చిందంటూ వెళ్లిపోయాడు. పాత సామాను కొట్టు వెనక వసారాలోకి పోతుంది. అక్కడ ఒకతను పెద్ద సుత్తితో దాన్ని అణగ్గొట్టి గోతాల్లోకి కుక్కుతాడు. పెద్ద పెద్ద గంగాళాలు కూడా అప్పడాల్లా అయిపోతాయి.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఆటో దిగి ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి. గసపెడుతోంది.

“బాబూ, మా అబ్బాయి పొద్దున్న పాత సామాను ఇచ్చి వెళ్లాడండి. నేను గుడికెళ్లి వచ్చేసరికి అటక మొత్తం ఊడ్చేశాడండి. అందులో ఒక బిందె ఇచ్చేది కాదండి. ఉందాండి, కరిగించేశారాండి?”

“ఇక్కడ కరిగించమండి, చితక్కొడతామంతే,” అన్నాడు మా గుమస్తా. ఆవిడ మొహం చూశాక వాడికే తను అన్నది బాగోలేదనిపించినట్టుంది, కాటా వదిలేసి వెనక్కి పరుగెత్తాడు. నేనూ వెళ్లాను. అప్పటికి కుప్పలో సగం చితికిపోయింది. మేం ఆపండి ఆపండి అని అరుస్తుంటే, ఆవిడ చెంగు నడుముకి దోపుకుని కుప్పలోకి దిగిపోయింది. అడుగున దొరికింది బిందె. ఒక పక్క చిన్న సొట్ట పడింది తప్ప మిగతాదంతా బాగానే ఉంది. దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుని వచ్చి నా బల్ల పక్కన స్టూలు మీద కూలబడింది. మంచినీళ్లు ఇచ్చాం. గుక్క తిప్పుకున్నాక తనే చెప్పింది.

“మా ఇంట్లో ఏ పెళ్లైనా ముందు పెద్దలకి బట్టలు పెట్టుకుంటామండి. పోయినవాళ్లని పేరు పేరునా పిలిచి, ఇదిగో నీ పంచె, ఇదిగో నీ చీర అని పెడతామండి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు ఒక చీర ఎక్కువ పెట్టిందండి. ఇదెవరికండీ అన్నాను. మీ మామగారిని కన్నతల్లికే అంది. పేరేంటండీ అంటే తెలీదంది.”

“అదేంటండీ, సొంత అత్తగారి పేరు తెలీకపోవడమేంటి?” అన్నాను.

“ఆవిడ మామగారిని కని పురిట్లోనే పోయిందంటండి. వెంటనే రెండో ఆవిడ వచ్చింది. రెండో ఆవిడ మంచిదేనండి, మామగారిని సొంత బిడ్డలాగే పెంచింది. ఆవిడ ఎదట మొదటావిడ పేరెత్తితే బాగోదని ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకుండా ఎత్తకుండా పేరే పోయిందండి. ఈ బిందె మాత్రం ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకుందని, ఇల్లు దాటనివ్వద్దని మా అత్తగారు చెప్పి పోయింది.”

ఆవిడ బిందెని చేత్తో నిమిరింది. తర్వాత అన్న మాట నాకింకా చెవిలో ఉంది.

“మా ఆయనా, మా పిల్లలూ, రేపు పెళ్లి పీటలెక్కే నా మనవరాలూ అంతా ఆవిడ కడుపున పుట్టినవాళ్లేనండి. అందరికీ పేరు పెట్టి పిలుస్తాను. ఆవిడ దగ్గరికి వచ్చేసరికి, పేరు తెలీని తల్లీ, చీర తీసుకోమ్మా అనాలి. దారిన పోయే బిచ్చగత్తెకి ఇచ్చినట్టు ఉంటుందండి నాకు. మా కోడలు ఇప్పుడే అంటోంది, పేరు లేని చీర ఎందుకత్తయ్యా, మానేద్దాం అని. దాని తప్పు కాదండి. నేను పోయాక ఆ చీర కూడా మానేస్తారు. అప్పుడింక ఆవిడ పుట్టనే లేనట్టండి.”

పేర్లు కొట్టి బతికినవాణ్ణి. నా ఎదురుగా కూర్చుని పేరు లేని మనిషి గురించి చెబితే నాకెలా ఉంటుంది? బిందె ఇలా ఇవ్వమని అడిగి తీసుకున్నాను.

మెడ చుట్టూ నున్నగా ఉంది. నాలుగు తరాల ఆడవాళ్లు బూడిద, పీచు పెట్టి తోమితే ఏమైనా మిగులుతుందా? కంటికి ఏమీ కనపడలేదు. వేలి కొసతో మెల్లగా తడిమాను. ఒకచోట గరుకు తగిలింది. ముగ్గుపిండి తెప్పించి, తడిపి, అక్కడ పూసి, ఆరాక పొడిగుడ్డతో తుడిచాను. పైది పోయి, గుంటల్లోది నిలిచింది. తెల్ల చుక్కలు. ముందు ఇంటిపేరు మొదటి అక్షరం, తర్వాత ఒక ఆడమనిషి పేరు, కింద చిన్నగా భీమడోలు అని ఊరి పేరు.

పేరు పైకి చదివాను. ఆవిడ నోరు తెరుచుకుని విని, బిందెని కళ్లకద్దుకుని ఏడ్చేసింది. మా గుమస్తా కూడా కళ్లు తుడుచుకుని, ఎవరూ చూడలేదనుకుని త్రాసు తుడవడం మొదలుపెట్టాడు. షావుకారు గారు అందరికీ నిమ్మకాయ సోడాలు తెప్పించారు, సీజన్లో అది మామూలు విషయం కాదు. ఆవిడ అక్కడి నుంచే ఇంటికి ఫోను చేసి, “దొరికిందే, పేరు దొరికింది” అని కొట్లో ఉన్న బేరగాళ్లందరూ వినేలా చెప్పింది. ఆ సాయంత్రం నేను పాసింజరు ఎక్కిన తీరు చూస్తే రైలు నాదేననుకునేవారు. ఇంటికెళ్లి మా ఆవిడకి అంతా చెబితే, విని, “ఇంత గొప్ప పని చేసినవాళ్లు దారిలో ఉల్లిపాయలు తేవడం మర్చిపోయారు” అంది. ఉల్లిపాయల మార్కెట్టున్న ఊళ్లో ఉంటూ ఉల్లిపాయలు లేకుండా ఇంటికెళ్లడం ఎంత తప్పో మా ఊరివాళ్లకే తెలుసు.

మర్నాడు పెంటపాడు నుంచి ఒక కుటుంబం వచ్చింది. మేనకోడలి పెళ్లికి గంగాళం చదివిస్తారట. “ఎవరి పేరు కొట్టమంటారండీ?” అని రోజూ అడిగినట్టే అడిగాను. “ఇచ్చేది మేం కదండీ, మా పేరే కొట్టండి” అన్నారు వాళ్లు. గంగాళం ఒళ్లో పెట్టుకుని పైఅంచు దగ్గర ఉలి ఆనించాను. సుత్తి గాల్లోనే ఆగిపోయింది.

మీకిది తెలియదు గనక చెబుతున్నాను. ఇంట్లో వాడుకోవడానికి కొన్న సామానైతే పేరు అడుగున కొట్టడం మా పద్ధతి. ఊళ్లో భోజనాలకి ఎరువిచ్చినప్పుడు వేరేవాళ్ల సామానుతో కలిసిపోకుండా అది చాలు. పెళ్లికి చదివించేదైతే పైన కొడతాం, పందిట్లో నలుగురికీ కనపడాలి. అక్కడ కొట్టే పేరు పుచ్చుకున్నవాళ్లది కాదు, ఇచ్చినవాళ్లది. ఈ సంగతి నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అయినా ముందు రోజు బిందె మెడ మీద పేరు కనపడగానే ఒళ్లు మరిచిపోయాను. అది పురిట్లో పోయిన ఆ తల్లి పేరు కాదు. ఆవిడ పెళ్లికి బిందె చదివించిన మనిషి పేరు.

మా గుమస్తాకి చెప్పాను. వాడు తల గోక్కుని, “ఊరుకోవోయ్. ఆవిడ సంతోషంగా ఉంది. ఇప్పుడెళ్లి కాదండీ అంటే ఏం బావుకుంటావు? ఏదో ఒక పేరు, పైనున్న ఆవిడ సర్దుకుంటుందిలే” అన్నాడు. వాడి మాటలో జాలి ఉంది, కాదనను. కానీ తప్పు పేరు కొట్టిన గ్లాసునైనా నేను ఏనాడూ కొట్టు గడప దాటనివ్వలేదు. అలాంటిది ఒక తల్లికి ఇంకొకరి పేరు అంటగట్టి ఊరుకోమంటే నా వల్ల కాలేదు.

ఫోను చేశాను. “అమ్మగారూ, నేను పొరపడ్డానండి. ఆ పేరు ఆవిడది కాదండి. బిందె ఇచ్చినవాళ్లదండి.” పద్ధతంతా వివరంగా చెప్పాను. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని చూస్తున్నాను.

“అయితే బాబూ,” అంది చివరికి, “పెళ్లికి బిందె ఇచ్చిందంటే ఆ మనిషి మా ఆవిణ్ణి బాగా ఎరిగిన మనిషే కదండీ?”

చూశారా! నేను పేరు పోయిందని కుమిలిపోతుంటే, ఆవిడకి అందులో ఒక చుట్టం కనిపించింది. “అవునండీ, దగ్గర చుట్టమే అయ్యుంటుంది” అన్నాను. “అయితే రేపు భీమడోలు వెళ్దామండి. మీరూ రావాలి, ఆ అక్షరాలు నాకు కనపడవు” అంది.

సీజన్లో సెలవు అడిగితే షావుకారు గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. “రేపు ఎన్ని పేర్లు కొట్టాలో తెలుసా?” అన్నారు. “ఒక్కటేనండీ, అది దొరికితే” అన్నాను. ఆయన ఏమనుకున్నారో గాని, పోయిరమ్మన్నారు. ఆ రోజు పేర్లన్నీ కరెంటు పెన్నుతో మా గుమస్తా గీశాడు. ఆ ఘోరం గురించి ఇక్కడ రాయను.

భీమడోలు స్టేషను నాకు కొత్తేం కాదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి దాని మీదుగానే తిరిగాను. ఎన్నడూ దిగలేదు. దిగాల్సిన పని పడలేదు. ఆ రోజు నేను గూడెం వైపు నుంచి దిగాను, ఆవిడ ఏలూరు నుంచి వచ్చింది. బిందెని పాత చీరలో చుట్టి తెచ్చింది. బజారులో పాత కిరాణా కొట్టు చూసి, అక్కడి షావుకారుకి ఇంటిపేరు అక్షరమూ, ఆడమనిషి పేరూ చెప్పాం. పేరు తెలియదన్నారు గాని, “ఆ అక్షరంతో మొదలయ్యే ఇంటిపేరు పాతవాళ్లలో ఇక్కడ ఒక్క కుటుంబానిదేనండి. స్టేషను వెనక వీధిలో, ఆకుపచ్చ గేటు” అని దారి చెప్పారు.

ఆకుపచ్చ గేటు లోపల, వరండాలో కుర్చీ వేసుకుని ఒక పెద్దాయన భూతద్దం పట్టుకుని పేపరు చదువుతున్నారు. ఎనభై ఎప్పుడో దాటేసిన మనిషి. వచ్చిన పని చెప్పుకుని, బిందె విప్పి ఆయన ముందు పెట్టాం. ఆయన భూతద్దం పేపరు మీద నుంచి బిందె మెడ మీదికి జరిపారు. చాలాసేపు చూశారు.

“ఇది మా నాయనమ్మ పేరండీ,” అన్నారు. “మీకెక్కడిదండీ ఇది?”

“ఎవరికిచ్చిందో మీరు ఎరుగుదురాండి?” అని అడిగింది మా పెద్దావిడ.

“ఎరక్కపోవడమేంటండీ. మా నాయనమ్మకి ఆడపిల్లల్లేరు. తల్లి లేని మేనకోడల్ని తెచ్చుకుని పెంచింది. ఆ పిల్లని కొల్లేటి లంకలోకి ఇచ్చారంట. ఏ లంకో నాకు తెలీదండి. కొల్లేట్లోకి ఇచ్చాను, మళ్లీ నా కళ్లబడలేదురా అనేది ముసలావిడ. మేం చిన్నపిల్లలం, ఆ పిల్ల నీళ్లలో మునిగిపోయిందేమో అనుకునేవాళ్లం.”

“నీళ్లలో కాదండీ, పురిట్లో పోయిందండి. బిడ్డ బతికాడండి. ఆ బిడ్డ కోడల్నేనండి నేను,” అంది ఆవిడ. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఆవిడ పేరండీ?”

పెద్దాయన నవ్వారు. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. “మా నాయనమ్మ ఆ పేరు మర్చిపోనిస్తే గదండీ! తరానికి ఒక్క ఆడపిల్లకైనా ఆ పేరుండి తీరాలని మా నాన్న చేత ఒట్టు వేయించుకుంది. మా చెల్లెలిది అదే పేరు, మా అమ్మాయిది అదే. ఇప్పుడు నా మనవరాలిది కూడా అదే.” అని లోపలికి తిరిగి, వీధి మొత్తం వినపడేలా ఆ పేరు పెట్టి కేకేశారు.

“ఎన్నిసార్లు చెప్పాలి తాతయ్యా, ఆ పేరు వీధిలోకి అరవద్దని!” అంటూ ఒక అమ్మాయి బయటికి వచ్చింది. ఇరవై నాలుగో, ఐదో ఉంటాయి. చెవులకి హెడ్‌ఫోను. ఇంజనీరింగు చదివి, ఇంట్లోంచే ఏదో కంపెనీకి పనిచేస్తోందట. కాలేజీలో ఆ పేరు పట్టుకుని బామ్మా బామ్మా అని ఏడిపించారని, గెజిట్లో పెట్టించి మార్చుకుంటానని ఇంట్లో గొడవ చేస్తోందట. ఇవన్నీ పెద్దాయనే ఒక్క గుక్కలో చెప్పేశారు. ఆ అమ్మాయి కోపంగా ఏదో అనబోయి, తన వైపే చూస్తూ లేచి నిలబడ్డ పెద్దావిణ్ణి చూసి ఆగిపోయింది.

ఆవిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని చీర సంగతి మొత్తం చెప్పింది. ఆ అమ్మాయి హెడ్‌ఫోను తీసేసింది.

“నా పేరుగల ఆవిడకి ఇన్నేళ్లుగా చీర పెడుతున్నారా? పేరు తెలీకుండానే?”

“తెలీకుండానే పెట్టామమ్మా. మా కోడలు ఇంక మానేద్దామంటోంది.”

“మానకండి,” అంది ఆ పిల్ల.

నేను ఆ వరండాలో ఒక మూల కూర్చుని వింటున్నాను. ఒక ఇంట్లో చీర ఉంది, పేరు లేదు. ఇంకో ఇంట్లో పేరుంది, అది ఏ ఊళ్లో ఎవరి కోడలిదో తెలీదు. మధ్యలో ఇంత కొల్లేరు. రెండింటినీ కలిపింది మా ముత్తాతల కాలంలో ఎవడో నాలాంటివాడు ఉలి పట్టుకుని కొట్టిన చుక్కలు. వాడి పేరు ఎవరికీ తెలియదు. ఎవరి గిన్నెల మీదా మా పేర్లు మేం కొట్టుకోం గదా. నాకు ఆ క్షణంలో నా పని మీద కలిగినంత గర్వం జీవితంలో ఇంకెప్పుడూ కలగలేదు. ఉద్యోగంలో నాకు సన్మానాలూ లేవు, శాలువాలూ లేవు. ఆ వరండాలో అవేవీ గుర్తుకు రాలేదు. పెద్దాయన కాఫీ ఇప్పించారు. చక్కెర ఎక్కువైంది, అయినా తాగేశాను.

ఇప్పుడు పెళ్లిళ్లలో సామాను చదివించేవాళ్లు తగ్గిపోయారు. ఇచ్చినా మీద పేరున్న స్టిక్కరు అంటిస్తారు, మొదటిసారి తోమగానే ఊడిపోతుంది. మీలో ఎవరింట్లోనైనా అటక మీద పాత ఇత్తడి ఉంటే, మార్పిడికి వేసే ముందు మెడా అడుగూ ఒకసారి వేలితో తడిమి చూడండి. గరుకు తగిలితే ముగ్గుపిండి పూయండి. ఇంతకన్నా నేను మీకు నేర్పగలిగింది లేదు.

పెళ్లికి ముందు పెద్దలకి బట్టలు పెట్టుకునే రోజున రమ్మని ఆవిడ కబురు పంపింది. నేనూ మా ఆవిడా వెళ్లాం. లంక ఊళ్లో రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే, గట్టు మీదే ఇల్లు. భీమడోలు నుంచి పెద్దాయనా, మనవరాలూ కారులో వచ్చారు. నడవలో పీటల మీద పంచెలు, చీరలు వరసగా పెట్టారు. పసుపూ కుంకుమా, దీపం. వాళ్లింట్లో పెద్దలకి కొరమీను పులుసు కూడా వడ్డిస్తారు, ఆ వాసన ఇల్లంతా కమ్మేసింది. సొట్ట తీయించిన బిందె నీళ్లతో నింపి దీపం పక్కన పెట్టారు.

పెద్దావిడ ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తూ, బట్టలు ముట్టుకుని దణ్ణం పెడుతూ వచ్చింది. ఆఖరి చీర దగ్గరికి వచ్చాక ఆగింది. ఆకుపచ్చ పట్టుచీర, అన్నిట్లోకీ మంచిది. ఆవిడ పక్కకి తప్పుకుని కోడల్ని పిలిచింది.

“ఇది నువ్వు పిలవాలమ్మా. ఇక నుంచీ నువ్వే.”

కోడలు ముందు సిగ్గుపడింది. అత్తగారి మొహం చూసింది, తర్వాత చీర వంక చూసింది. రెండు చేతులూ చీర మీద పెట్టి, ఆ పేరు పెట్టి గట్టిగా, స్పష్టంగా పిలిచింది. “ఇదిగో నీ చీర. తీసుకోమ్మా” అంది.

జనం వెనక, గుమ్మం దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడుతున్న భీమడోలు అమ్మాయి, తననే పిలిచారనుకుని, “ఆఁ, వస్తున్నానండీ!” అంది.

నడవలో అందరూ గుమ్మం వైపు తిరిగారు. ఆ పిల్ల అప్పుడు విషయం గ్రహించి నాలిక కరుచుకుంది. ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నేను ఏడుస్తున్నానని నాకు అప్పుడు తెలిసింది.

పెద్దావిడ మాత్రం నవ్వుతోంది. కోడలి భుజం మీద చెయ్యి వేసి, “విన్నావా, పలికింది” అంది.